దులపని మూట

అనగనగా ఒక అడవిలో, వాగు మలుపు పక్కన, తాయారమ్మ అనే కుందేలు ఉండేది. ముత్తవ్వల నాడు తవ్విన బొరియ, మెత్తటి గడ్డి పడకలు, ముగ్గురు పిల్లలు. అంతకంటే ఏం కావాలి చెప్పండి!

ఆ అడవికో కట్టుబాటు ఉంది. పొరుగూరు వెళ్ళొచ్చినవాళ్ళు గడప తొక్కేముందు మూట విప్పి నల్లబండ మీద పరచాలి. మండుటెండలో మడత మడతా తిప్పి దులపాలి. సత్రాల్లో నల్లులుంటాయి, అవి మూటల్లో దూరి ఇల్లు చేరతాయి.

తాయారమ్మ అక్క కూతురి పెళ్ళికి వెళ్ళి తిరిగొస్తూ ఒక సత్రంలో పడుకుంది. లేచేసరికి చెవి వెనక వరసగా మూడు దద్దుర్లు. "దోమ కుట్టి ఉంటుందిలే" అనుకుని గోక్కుంది.

అడవి మొదట్లో పాలపిట్ట పలకరించింది. "వదినా, మూట దులుపుకుని వెళ్ళు."

"పెళ్ళిచీర ఉందమ్మా. ఎండకు రంగు వెలుస్తుంది" అంది తాయారమ్మ.

బండ దగ్గర ఉడుము పేరయ్య తాత ఆపాడు. "ఒక్క పూట ఆగమ్మాయ్. నేనూ సాయం పడతాను."

చుట్టూ నలుగురూ చూస్తున్నారు. మూటలోంచి నల్లి రాలితే పరువేం కాను? "సత్రం మొహమే చూడలేదు తాతా. అక్కావాళ్ళింటి నుంచి తిన్నగా వస్తున్నా" అని అబద్ధమాడింది.

గుమ్మంలో పెద్దపిల్ల అడిగింది. "అమ్మా, ముందు బండ దగ్గరికి పోదామా?"

"రేపు పోదాంలే" అంటూ తాయారమ్మ మూటను పడక మీద పెట్టింది. చిన్నది అప్పుడే దానిమీదెక్కి దొర్లింది.

ఆ రేపు రానేలేదు. రెండు నెలలు తిరిగేసరికి పడకల్లో నల్లులు, గోడ పగుళ్ళలో నల్లులు. పిల్లలు నిద్రలేక వడిలిపోయారు. తాయారమ్మ గడ్డి మార్చింది. వేపాకు పొగ పెట్టింది. పగుళ్ళకు మట్టి మెత్తింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

"పసిపిల్లల రక్తం తాగుతున్నారే, మీకు జాలి లేదా?" అని ఒకరోజు గోడ దగ్గర కూర్చుని ఏడ్చింది.

పగులులోంచి ఒక నల్లి నెమ్మదిగా అంది. "మావి చిన్న కాళ్ళమ్మా. ఇంత దూరం మేం నడవలేం. మోసుకొచ్చింది నువ్వేగా."

తాయారమ్మ పిల్లల్ని వెంటబెట్టుకుని, మూట పట్టుకుని బొరియ వదిలేసింది. ఇంటింటికీ వెళ్ళి చోటడిగింది. ఎవరూ కసురుకోలేదు, ఎవరూ రమ్మనలేదు. వాళ్ళను ఏమనగలం? వాళ్ళకూ పిల్లలున్నారు.

చివరికి నల్లబండ ఎక్కింది. నలుగురూ చూస్తుండగా మూట విప్పి దులిపింది. పెళ్ళిచీర మడతల్లోంచి నల్లులు రాలాయి. పేరయ్య తాత తల పక్కకు తిప్పుకున్నాడు.

చిన్నది కొంగు పట్టుకుని అడిగింది. "అమ్మా, దులిపేశాంగా. ఇక మనింటికి పోదామా?"

తాయారమ్మ దాన్ని ఒళ్ళోకి తీసుకుని ఆ ఎండలోనే కూర్చుండిపోయింది.

నీతి: ఊరి నుంచి తెచ్చిన మూటను గడప బయటే దులుపుకోవాలి. నలుగురిలో సిగ్గు ఒక్క పూటే, దాచి లోపలికి తెస్తే ఇల్లే పోతుంది.