ఎవరినీ మోయని భుజాలు

ఒకానొక రాజ్యంలో రాజుగారికంటే రాజుగారి పల్లకికే బిరుదులు ఎక్కువ. రాజ్యం పేరు మణిగిరి, రాజు పేరు కంఠీరవ రాయలు. పల్లకి పేరు మాత్రం శ్రీమత్సకలభువనమోహన స్వర్ణహంస. అది బయలుదేరినప్పుడు వంది కాచన ముందు నడుస్తూ బిరుదులు చదవాలి. రాజుగారి బిరుదులు మొదటి మలుపు దగ్గరే అయిపోయేవి. పల్లకి బిరుదులు సంత దాకా సాగేవి.

దానికి దంతపు చెక్కడాలు, బంగారు రేకు, పట్టుతెరలు, ఒక్క ముడి కూడా లేని మోత దండె. మోయడానికి ఎనిమిదిమంది బోయీలు. ఇంతా చేసి అది ఏడాదికి నాలుగు పండగలకే కదిలేది. మిగతా రోజుల్లో రాజుగారు దాని చుట్టూ తిరిగి చూసుకుని మురిసిపోయేవారు.

రాజుకు తగ్గట్టే సామంతులూ దొరికారు. దసరా వచ్చిందంటే అందరూ తమ పల్లకీలు తెచ్చి కోట ముందు మైదానంలో వరసగా దింపించేవారు. ఇక చూడాలి వాళ్ళ గొప్పలు! "మాది ఇరవై నాలుగు కాళ్ళ పల్లకి" అని ఒకాయన. "కాళ్ళు లెక్కపెట్టుకుంటే సరా? మావాళ్ళు గుక్క తిప్పుకునేలోపు ఊరు దాటిస్తారు" అని ఇంకొకాయన. ఏ ఊరు దాటారయ్యా అంటే చెప్పడు. దుమ్ము పడుతుందని ఆయన పల్లకి ఎక్కడమే అరుదు.

ఆ ఏడు దసరా పాడ్యమినాడు బొల్లమరాజు అనే సామంతుడు స్వర్ణహంస చుట్టూ మూడుసార్లు తిరిగాడు. వంగి కిందికి చూశాడు. అందరికీ వినపడేలా నిట్టూర్చాడు.

"ఏమయ్యా, వంక దొరికిందా?" అన్నారు రాజుగారు.

"శివశివా! పల్లకికి వంకేమిటి మహారాజా? దాని కింద నడిచే సరుకు సంగతే ఆలోచిస్తున్నాను. మొన్న సోమవారం ఈ ఎనిమిదిమందిలో నలుగురు చింతపండు అచ్చమ్మ మేనా మోస్తూ నాకు ఎదురుపడ్డారు. పైన పటారం, లోన లొటారం అన్నట్టుంది. బంగారు రేకు ఊడదీస్తే మహారాజావారూ అచ్చమ్మా ఎక్కేది ఒకటే!"

అచ్చమ్మ సంతలో చింతపండు అమ్ముకునే ముసలావిడ. మోకాళ్ళు పట్టేసి నడవలేదు గనక, ఎక్కడికి వెళ్ళాలన్నా తన పాత పేము మేనాకు బోయీలను కుదుర్చుకునేది.

రాజుగారి ముఖం మాడిపోవడం చూసి పక్కవాళ్ళు ఆదుకోబోయారు. ఆస్థాన పండితుడు గొంతు సవరించుకుని, "భుజాలు అవే కావచ్చు. కాని ప్రభువుల కింద అవి వేరే శ్రుతిలో నడుస్తాయి" అన్నాడు.

ఇంకో సామంతుడు వేళ్ళు ముడిచి చూసుకున్నాడు. "అచ్చమ్మకు నలుగురే, మహారాజుకు ఎనిమిదిమంది. కాబట్టి పోలిక సగమే."

"అంటే మన మహారాజు సగం అచ్చమ్మ అన్నమాట" అన్నాడు బొల్లమరాజు.

అంతే! రాజుగారి మీసం వణికింది. బోయీల పెద్ద పోలయ్యను లాక్కురమ్మన్నారు.

"ఏమిరా, మమ్మల్ని మోసిన భుజంతో చింతపండు బేరగత్తెను మోశావా?"

పోలయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మోశానండి ఏలినవారూ. తమరు పిలిచేది ఏడాదికి నాలుగుసార్లండి. మా కడుపు రోజూ రెండుసార్లు పిలుస్తాదండి."

మాట నిజమే. నిజమైతే మాత్రం ఏం లాభం? రాజుగారికి కావలసింది నిజం కాదు, పోయిన పరువు. "ఈ ఎనిమిదిమంది భుజాల మీదా వాతలు పెట్టండి! జన్మలో మళ్ళీ దండె ఎత్తకూడదు. పెళ్ళాంపిల్లలతో సహా రాజ్యం దాటించండి!" అని ఆజ్ఞాపించారు.

పోలయ్య తన భుజం తడుముకుని కూలబడిపోయాడు. బోయీకి భుజం పోయాక ఇంకేం మిగులుతుంది? సామంతులు మాత్రం తమ ఉత్తరీయాలు సర్దుకున్నారు. సిగ్గులేని గుంపు!

అప్పుడు వంది కాచన ముందుకొచ్చాడు. ఇరవై ఏళ్ళుగా ఆ బోయీలకు నాలుగడుగుల ముందు నడిచినవాడు, వాళ్ళ ఊపిరి ఎరిగినవాడు.

"మహాప్రభూ, ఆజ్ఞ సబబుగా ఉంది. కాని ఇవాళ్టికి పదోనాడు విజయదశమి ఊరేగింపు. వీళ్ళకు ఇవాళే వాతలు పెడితే స్వర్ణహంసను ఎవరు ఎత్తుతారు? నవమి దాకా గడువివ్వండి. తమర్ని తప్ప ఇంకెవరినీ మోయని ఎనిమిదిమందిని నేను తెస్తాను. వాళ్ళ నడక తమకు నచ్చాక వీళ్ళకు వాతలు పెట్టించండి. అందాకా వీళ్ళకు నేను పూచీ."

"నచ్చకపోతే తొమ్మిదో వాత నీది" అన్నారు రాజుగారు.

"చిత్తం" అన్నాడు కాచన.

అతను ఎక్కడో వెతకలేదు. తిన్నగా కోట వంటశాలకు వెళ్ళాడు. అక్కడ గుమ్మం కాసే దౌవారికులు ఎనిమిదిమంది ఉండేవారు. నేతి గారెలు తినడం, గుమ్మానికి చేరబడి కునుకు తీయడం వాళ్ళ ఉద్యోగం. పుట్టాక మంచినీళ్ళ చెంబు దాటి బరువెత్తిన పాపాన పోలేదు. కాచన వాళ్ళ భుజాలకు దండె తగిలించి, లోపల వడ్లబస్తా పెట్టి నడవమన్నాడు. మూడో అడుగులో బస్తా నేల మీద ఉంది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. నడక వల్ల కాదని తేలాక వాళ్ళకు వేరే పాఠం చెప్పాడు.

నవమి ఉదయం రాజుగారు కొత్తవాళ్ళను పరీక్షించారు. నున్నటి భుజాలు, నూనె రాసి మెరుస్తున్నాయి. "చూశావా బొల్లమరాజూ, ఒక్క కాయ లేదు! ఈ భుజాలు నా కోసమే పుట్టాయి. నువ్వూ ఎక్కు. నడక చూసి నీ నోటితోనే చెబుదువుగాని" అని సామంతుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు.

"ప్రభూ, అరకోసు దూరంలోని అమ్మవారి కొండ దాకా ప్రయాణం. తొలి ప్రయాణం గనక దించేదాకా తెర తీయకూడదని సంప్రదాయం" అన్నాడు కాచన. సంప్రదాయం అనేసరికి రాజుగారు ఏ సంప్రదాయమని అడగలేదు. పెద్దవాళ్ళు అడగరు.

తెరలు పడ్డాయి. ఎనిమిదిమందీ పల్లకి ఎత్తారు. "ఓహోం, ఓహోం" అన్నారు. అని, అక్కడే నిలబడ్డారు! ఒక్క అడుగు వేస్తే ఒట్టు. ఉన్నచోటే పల్లకిని అటూ ఇటూ మెల్లగా ఊపుతూ, "ఓహోం, ఓహోం" అంటున్నారు.

"పరాక్! వాగు దాటుతున్నాం!" అని కాచన చెంబుడు నీళ్ళు తెర కింద చిలకరించాడు.

"ఆహా! వాగులో దిగినట్టే తెలియలేదు" అని లోపలినుంచి రాజుగారి గొంతు. "పాతవాళ్ళయితే ఇక్కడ ఒక కుదుపు కుదిపేవారు."

"అవును మహారాజా" అంది బొల్లమరాజు గొంతు. "అడుగుల చప్పుడు కూడా లేదు! ఇదీ జాతి నడకంటే."

కోట ముందున్న జనం నోళ్ళకు కొంగులు, కండువాలు అడ్డం పెట్టుకున్నారు. మంత్రి ఆకాశం చూశాడు. పండితుడు తన చెప్పులు చూసుకున్నాడు. రాజుగారు ప్రయాణం చేస్తున్నానంటుంటే చేయడం లేదని చెప్పే మొనగాడు ఎవడు?

"పరాక్! కొండ ఎక్కుతున్నాం!" ముందువాళ్ళు దండె కొంచెం పైకెత్తారు. అప్పటికే వాళ్ళ చేతులు గజగజ వణుకుతున్నాయి.

"ఈ వణుకు గమనించావా?" అన్నారు రాజుగారు. "వీణ తీగ మీటినట్టు ఎంత సుకుమారంగా ఉందో!"

"ఒప్పుకుంటున్నాను మహారాజా. ఇలాంటి నడక ఆ అచ్చమ్మ జన్మలో ఎరగదు. ఇక పాతవాళ్ళకు వాతలు పెట్టించవచ్చు" అన్నాడు బొల్లమరాజు.

సరిగ్గా అప్పుడే పల్లకి ధబ్బుమని నేలకు దిగింది. కాచన తెర లాగాడు. రాజుగారు భక్తిగా కళ్ళు మూసుకుని, చేతులు జోడించి కిందికి దిగారు. కళ్ళు తెరిచి చూస్తే ఎదురుగా ఉన్నది అమ్మవారు కాదు, తమ కోట గుమ్మం!

ఆ గుమ్మం పక్కన పాత పేము మేనా ఒకటి ఆగి ఉంది. అందులోంచి అచ్చమ్మ పోలయ్య చెయ్యి పట్టుకుని మెల్లగా దిగింది. నుదుట కుంకుమ, చేతిలో విస్తరాకు పొట్లం.

"కొండకెళ్ళి వచ్చేశాను బాబూ" అంది. "కాచన తమరూ వస్తున్నారన్నాడు, అక్కడ కనపడలేదు. పోనీలెండి, పులిహోర ప్రసాదం తెచ్చాను. చింతపండు మనదే."

రాజుగారు ఎర్రబడిపోయారు. "కాచనా! ఏమిటీ తమాషా?"

"తమాషా ఏమీ లేదు మహాప్రభూ. తమ ఆజ్ఞ తు.చ. తప్పలేదు. ఇంకెవరినీ మోయని భుజాలు అడిగారు, తెచ్చాను. ఎవరినీ మోయలేదు గనక మోస్తూ నడవడం వాటికి రాదు. నిలబడి అరవడం మాత్రం వచ్చు. అది ఈ కోటలో అందరికీ వచ్చినదే."

"నడక నేర్పించలేకపోయావా?"

"నేర్పాలంటే పైన ఒక మనిషి కూర్చోవాలి ప్రభూ, పడిపోవడానికి. తమరు కూర్చుంటారా?"

రాజుగారు నోరు తెరిచేలోపే అచ్చమ్మ అందుకుంది. "నేను కూర్చున్నాను బాబూ. ఈ పోలయ్య మీసం రాని రోజుల్లో నన్ను రెండుసార్లు బురదలో పడేశాడు. ఒకసారి ముళ్ళకంపలో కూడా. ఆ మూడుసార్లూ మీరు పడాల్సినవే. మీ తరఫున నేను పడ్డాను. దానికి వాతలు పెడతానంటే నాకూ పెట్టండి, ఇంకో మచ్చకు చోటుంది."

పోలయ్య తల వంచుకున్నాడు. అందరూ రాజుగారి మీసం కేసి చూశారు. అది వణికింది. మొదట కోపంతోనే వణికింది. ఆ తర్వాత రాజుగారు తన తడిసిన పట్టుతెర చూశారు, తను దాటిన వాగు గుర్తొచ్చింది. పకపకా నవ్వారు. పొట్ట పట్టుకుని, కాచన భుజం మీద వాలిపోయి నవ్వారు.

"చింత చచ్చినా పులుపు చావలేదే అవ్వా!" అని పొట్లం విప్పి పులిహోర నోట్లో వేసుకున్నారు.

వాతల మాట అక్కడికి రద్దయింది. పోలయ్యా వాళ్ళూ ఇష్టమైనవాళ్ళను మోసుకోవచ్చునని రాగిరేకు మీద రాయించి ఇచ్చారు. కాచనకు తన చేతి బంగారు కంకణం తొడిగారు. అచ్చమ్మ మేనాకు కొత్త పరుపు వేయించారు.

అప్పుడు చల్లగా జారుకుంటున్న బొల్లమరాజును పిలిచారు. "ఎక్కడికయ్యా? జాతి నడక అన్నావు, నీ మాట వృథా కానిస్తానా! ఈ ఎనిమిదిమందినీ నీకు బహుమానంగా ఇస్తున్నాను. నీ పాత బోయీలు ఇక్కడే ఉంటారు. ఇకమీదట నీ పల్లకి కింద వీళ్ళే నడవాలి. ఇది ఆజ్ఞ."

బొల్లమరాజు కోట మూడు రోజుల దారి. ఎక్కిన మూడో అడుగులోనే పడ్డాడు. మళ్ళీ ఎక్కాడు, మళ్ళీ పడ్డాడు. చివరికి కుంటుకుంటూ ముందు ఆయన నడిచాడు. వెనక ఆ ఎనిమిదిమంది ఖాళీ పల్లకిని పది అడుగులకోసారి దింపుకుంటూ వచ్చారు. దారిలో రైతులు వింతగా చూస్తే మాత్రం తల ఎగరేసి, "నా బోయీలు సామాన్యులు కారు. ఇవి అడ్డమైనవాళ్ళనూ మోసే భుజాలు కావు" అని చెప్పుకున్నాడట.

అందులో అబద్ధం లేదు. అవి ఆయనను కూడా మోయలేదు.