మోటారుకు మందాగ్ని

కొండవలస సంస్థానాధీశులు నరహరి భూపతిగారికి ఒకనాడు పొద్దున్నే అనుమానం వచ్చింది. రాజావారికి ఆకలేసినా, అనుమానమొచ్చినా ఎవరో ఒకరు పరిగెత్తాల్సిందే. ఆ పూట మోటారు డ్రైవరు అప్పలకొండ పరిగెత్తాడు.

"పక్క సంస్థానం మోటారు డబ్బా పెట్రోలుకి ముప్పై మైళ్లు నడుస్తోందట. అచ్చం మన బండే. మనది ఇరవై దాటదు. మిగతా పెట్రోలు ఎవడు తాగుతున్నాడురా?"

 ఎవరు తాగుతున్నారో అప్పలకొండకి తెలుసు. రాజావారు బయల్దేరితే దారిలో ఊరూరా హారతులు, దండాలు. ఒక్కో ఊళ్లో అరగంట. అంతసేపూ ఇంజను గుర్రుమంటూనే ఉండాలి. ఆపితే మళ్లీ స్టార్టు చెయ్యడానికి దిగి, బండి ముందు హ్యాండిలు తిప్పాలి. జనం ముందు రాజుగారి బండి మొరాయించినట్టు కనబడితే పరువేం కావాలి? అయితే, తమ దర్జాయే పెట్రోలు తాగుతోందని రాజుగారి మొహాన చెప్పే మొనగాడెవడు?

ఇంతలో ఆస్థాన వైద్యులు భైరవభట్లుగారు ముందుకొచ్చారు. ఆయనకు తెలియని రోగం లేదు, ఆయన కుదిర్చిన రోగమూ లేదు. బండి చుట్టూ తిరిగి, పొగగొట్టం పట్టుకుని నాడి చూశారు. చెయ్యి చుర్రుమంది.

"జ్వరం కూడా ఉంది!" అన్నారు వేళ్లు ఊదుకుంటూ. "మోటారుకు మందాగ్ని ప్రభూ. తిన్నది ఒంటబట్టడం లేదు. నా ఇంధనామృతం ఒక్క సీసా పెట్రోల్లో కలిపితే ముప్పై మైళ్లు ఖాయం."

"రాకపోతే?"

"నా మందు తప్పదు. రాలేదంటే దొంగ చెయ్యి పడిందనే అర్థం!"

మైళ్లు వస్తే భట్లుగారికి శాలువా, రాకపోతే అప్పలకొండకి గుండు. ఎటు తిరిగినా భట్లుగారికి నష్టం లేని వైద్యం.

"రేపు పరీక్ష. ముప్పై రాలేదో, నీకు గుండు కొట్టించి కోట దాటిస్తాను," అన్నారు రాజావారు.

అప్పలకొండకి ఒళ్లు మండింది. పదేళ్లుగా ఆ బండిని కన్నబిడ్డలా చూసుకున్నాడు. అయినా చేతులు కట్టుకుని, అమాయకంగా అడిగాడు.

"భట్లుగోరూ, మరి పత్తెం ఏటండి? దారిలో ఆరతులు, దండాలు పడతాయంటారా?"

పథ్యం లేకుండా మందిస్తే వైద్యుడికి విలువేముంది! భట్లుగారు మీసం దువ్వారు.

"అబ్బే, అసలు పడవు! మందు మింగిన బండి దారిలో ఎక్కడా నిలవకూడదు. తిన్నగా వెళ్లాలి, తిన్నగా రావాలి!"

మర్నాడు లక్కముద్ర వేసిన సీసా అప్పలకొండ చేతికిచ్చారు. అతను బండి వెనక్కి వెళ్లి, వంగి, పెట్రోలు మూత తీసి, పెట్టి, దండం పెట్టుకుని బయల్దేరాడు. రాజావారు ఊరూరా హారతి పళ్లేల వైపు దిగులుగా చూశారు గానీ బండి ఆగలేదు.

డబ్బా పెట్రోలుకి ముప్పై ఒక్క మైళ్లు నడిచింది!

కోటలో భట్లుగారు పొగగొట్టం దగ్గర వంగి, ముక్కుపుటాలు ఎగరేశారు.

"ఆహా! పొగలో నా మూలికలు ఘుమఘుమలాడుతున్నాయి ప్రభూ!"

అప్పలకొండ తలపాగా విప్పి, అందులోంచి సీసా తీసి రాజావారి ముందు పెట్టాడు. లక్కముద్ర చెక్కు చెదరలేదు.

"బాబుగోరూ, సీసాలో ఉండగానే ఇంత పని సేసినాది. పెట్రోల్లో పడితే ఇంకేటి సేసునో!"

భట్లుగారు పొగగొట్టం దగ్గర్నుంచి మెల్లగా వెనక్కి జరిగారు.

"మరి ముప్పై ఒకటి ఎలా వచ్చాయిరా?" అన్నారు రాజావారు.

"పత్తెం వల్ల బాబూ. ఊరూరా నిలబడి తాగే పెట్రోలు ఇయ్యాల తాగనేదు. తవరు దండాలు అందుకునేటప్పుడు ఇంజనుకి మేత ఆపితే సాలు. లంకణం పరమౌసదం అని భట్లుగోరే సెప్తారు కదండీ."

రాజావారికి విషయం తలకెక్కింది. మొహం ఎర్రబడింది. 

"అంటే తాగిన దొంగను నేనేనన్నమాట! సరే, ఊరూరా ఇంజను ఆపుదాం. మరి జనం ముందు హ్యాండిలు తిప్పేదెవరు? తిప్పినవాడి పరువు పోతుందే!"

"పరువు పోయినోరే తిప్పితే సరి బాబూ," అన్నాడు అప్పలకొండ, భట్లుగారి వైపు వినయంగా చూస్తూ.

రాజావారు పొట్ట పట్టుకుని నవ్వారు. సభంతా ఘొల్లుమంది. భట్లుగారి కోసం తెచ్చిన శాలువా అప్పలకొండ భుజాల మీద పడింది. అతను ఆ శాలువాతోనే దర్జాగా బండెక్కి కూర్చుని, హ్యాండిలు తీసి భట్లుగారికి అందించాడు.