రంగపతిరాజు పిస్తోలు

శృంగవరపుకోటలో రంగపతిరాజు అనే ఆయన ఉండేవాడు; మనిషి మంచివాడే కానీ, "నాకు తెలియదు" అనే మాట మాత్రం ఆయన నోటి వెంట పొరపాటున కూడా వచ్చేది కాదు. ఎవరైనా దారి అడిగితే, తాను ఎన్నడూ వెళ్లని ఊరికైనా సరే దారి చెప్పి పంపేవాడు. నీళ్ల మోటారు ఆగిపోతే, మెకానిక్ వచ్చేలోగా తానే విప్పి, తిరిగి బిగించి, నాలుగు మరలు మిగిల్చేవాడు. ఇంట్లోవాళ్లు నవ్వుకుని ఊరుకునేవారు. ఒక్కరైనా నవ్వడం మాని గట్టిగా నాలుగు మాటలు చెప్పి ఉంటే ఎంత బాగుండేదో!

ఆయన తండ్రి దగ్గర ఒక పాతకాలపు జర్మనీ పిస్తోలు ఉండేది. పెద్దాయన బతికి ఉన్నన్నాళ్లూ దాన్ని ఇంకెవరినీ ముట్టనివ్వలేదు. ఆయన పోయాక లైసెన్సు కొడుకు పేరు మీదికి మారింది. పిస్తోలు బీరువాలోనే ఉండిపోయింది. దాన్ని ఎలా పట్టుకోవాలో, ఎక్కుపెట్టాక ఎలా దించాలో తెలిసినవాళ్లను అడుగుదామని రంగపతిరాజుకు ఒక్కనాడూ అనిపించలేదు. రాజుల ఇంట పుట్టినవాడికి ఆయుధం గురించి ఇంకొకరు చెప్పాలా అనుకున్నాడు.

ఆ ఏడు దసరాకు ఆయుధపూజ మొదటిసారిగా ఆయన చేతుల మీదుగా జరుగుతోంది. బంధువులంతా వచ్చారు. భార్య సుభద్రమ్మ తమ్ముడు సోమరాజు కూడా వచ్చాడు. సైన్యంలో హవల్దారుగా పనిచేసి ఈమధ్యనే ఇంటికి చేరాడు. సరిహద్దులో అన్నేళ్లు ఉండి కూడా ఒంటి మీద గీత పడకుండా తిరిగొచ్చాడని అక్కగారికి పట్టరాని సంతోషం. సైన్యం సెలక్షన్లకు వెళ్లే కుర్రాళ్లను రోజూ పొద్దున్నే మైదానంలో పరుగెత్తించేవాడు. వాళ్లకంటే ముందు తానే పరుగెత్తేవాడు.

పీట మీద కత్తులు, బల్లేలు వరసగా పెట్టారు. పిస్తోలుకు రంగపతిరాజు స్వయంగా గంధం పూసి కుంకుమ పెట్టాడు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. అందరూ తనవైపే చూస్తున్నారు కదా, చెయ్యి ఊరుకోలేదు. పిస్తోలు తీసి, దాని పైభాగాన్ని వెనక్కి లాగి వదిలాడు. అది టకామని మోగింది. వెనకవైపు ఉండే చిన్న సుత్తి లేచి నిలబడింది.

"బావగారూ, అందులో తూటాలున్నాయేమో చూశారా?" అన్నాడు సోమరాజు.

రంగపతిరాజు పిడి అడుగు నుంచి మ్యాగజైన్ ఊడదీశాడు. తండ్రి ఎప్పుడో నింపిన తూటాలు అందులో అలాగే ఉన్నాయి. అవి ఉంటాయని ఆయన అనుకోలేదు. అయినా పైకి తేలనివ్వలేదు.

"ఉంటే ఏమైంది? తీసేశాను కదా. ఇక ఖాళీయే" అన్నాడు.

"కాదండీ. మీరు ముందు లాగి, తర్వాత మ్యాగజైన్ తీశారు. లాగినప్పుడే ఒక తూటా గొట్టంలోకి ఎక్కేసి ఉంటుంది. ట్రిగ్గర్ మీద వేలు పెట్టకండి. మళ్లీ వెనక్కి లాగితే అది బయటపడుతుంది. ఒక్కసారి ఇలా ఇవ్వండి, నేను చూస్తాను."

ఇచ్చేద్దామనే అనిపించింది రంగపతిరాజుకు. చెయ్యి కాస్త ముందుకు కదిలింది కూడా. సరిగ్గా అప్పుడే పినతండ్రి కొడుకు ఒకడు పెదవి బిగించి నవ్వు ఆపుకోవడం కంటబడింది. ఆ చెయ్యి వెనక్కి వచ్చేసింది.

"మా నాన్నగారి పిస్తోలు సంగతి మీరా నాకు చెప్పేది, సోమరాజుగారూ?" అన్నాడు.

ఇంతలో పురోహితుడు, "బాబూ, ముహూర్తం దాటిపోతోంది. సుత్తి లేచే ఉంది చూడండి. ఎక్కుపెట్టిన ఆయుధాన్ని అమ్మవారి ముందు పెట్టకూడదని మీ నాన్నగారు దించిగానీ పెట్టేవారు కాదు" అన్నాడు. ఆ ఇంటి ఆచారం అది.

రంగపతిరాజుకు ఎలా దించాలో తెలియదు. చిన్నప్పుడు దూరం నుంచి చూసిందొక్కటే గుర్తు. తండ్రి బొటనవేలితో సుత్తిని పట్టుకుని, ట్రిగ్గర్ నొక్కి, నెమ్మదిగా కిందికి దించేవాడు. అంతకుముందే గొట్టం ఖాళీగా ఉందో లేదో తండ్రి పరీక్షగా చూసుకునేవాడు. అది మాత్రం కొడుకు గమనించలేదు.

"ఆగండి బావగారూ! మీ చేతికి గంధం ఉంది, జారిపోతుంది!" అంటూ సోమరాజు ఒక్క అంగలో ముందుకొచ్చాడు.

"నాకు తెలుసు!" అని ట్రిగ్గర్ నొక్కాడు రంగపతిరాజు.

సుత్తి ఆయన వేలి కింద నుంచి జారిపోయింది. పిస్తోలు పేలింది. పొగలో నుంచి చూసేసరికి సోమరాజు మోకాలు పట్టుకుని నేల మీద పడి ఉన్నాడు. సుభద్రమ్మ వేసిన కేక వీధి చివరిదాకా వినిపించింది.

విశాఖపట్నం ఆస్పత్రిలో డాక్టరు హడావుడిగా బయటికొచ్చి, "ఎలాంటి తూటా అండీ? వట్టి సీసమా, పైన తొడుగు ఉన్నదా?" అని అడిగాడు.

"నాకు తెలియదండీ" అన్నాడు రంగపతిరాజు.

డాక్టరు లోపలికి వెళ్లిపోయాడు. పక్కనే నిలబడిన సుభద్రమ్మ భర్త వైపు చూసింది.

"ఈ మాట పొద్దున అని ఉంటే నా తమ్ముడు తన కాళ్ల మీద ఇంటికి వెళ్లేవాడు కదండీ" అంది. గొంతు పెంచలేదు.

సోమరాజు ప్రాణం దక్కింది కానీ, కాలు మోకాలి పైదాకా తీసేశారు. పోలీసులు పిస్తోలు పట్టుకుపోయారు. లైసెన్సు రద్దయింది, కేసు నడిచింది. అవేవీ రంగపతిరాజును అంతగా బాధించలేదు. ఆయన చూడటానికి వెళ్లినప్పుడల్లా సోమరాజు మంచం మీద ఒకపక్కకు జరిగి, "కూర్చోండి బావగారూ. కావాలని చేశారా ఏమిటి!" అనేవాడు. ఆయన్ను బాధించింది ఆ మాటే. ఒక్కసారి తిట్టినా బాగుండునని ఎదురుచూసేవాడు. సోమరాజు చివరిదాకా తిట్టలేదు.

తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకుంటే పోయేది కాసేపటి పరువు. ఒప్పుకోకుండా చెయ్యి పెడితే పోయేది ఎవరి బతుకో, దాన్ని మళ్లీ తెచ్చి ఇవ్వడం ఎవరి తరమూ కాదు.