మంజులిక వీపు మీది పట్టువస్త్రం

పూర్వం మేఘగిరి పాదాన వెలసిన రత్నపురాన్ని, అతిథులను దేవతలుగా ఎంచే సత్యకేతుడనే రాజు ధర్మం తప్పక పాలించేవాడు. ఆ గిరిశిఖరాన దూకే జలపాతాన్ని చూడవచ్చే యాత్రికులను అంబారీలు కట్టిన ఏనుగులు పైకి మోసుకుపోయేవి. వసంతోత్సవం తొలినాడు పురోహితుడు మంత్రించి ఏనుగు వీపున కట్టిన పట్టువస్త్రాన్ని, అంబారీ దించినా సరే, ఉత్సవం ముగిసేదాకా విప్పకూడదనీ, విప్పితే ఇంద్రుడు అలిగి వానలు ఆపేస్తాడనీ పురజనుల నమ్మకం.

ఒక ఏడు యాత్రికులు తండోపతండాలుగా రాగా, ఎవరినీ నిరాశపరచలేని రాజు ఉత్సవాన్ని గ్రీష్మం చివరిదాకా పొడిగించాడు. గజశాలకు పెద్దదైన ఆడ ఏనుగు మంజులిక మేత మానేసింది. ఎవరైనా దగ్గరకు వస్తే కళ్లు మూసుకునేది. రాజుకు మనసులో కలుక్కుమన్నా, ఎండదెబ్బ అని సరిపెట్టుకున్నాడు.

అంతలో ఒక ముసలి బాటసారి కర్ర ఊతంగా వచ్చాడు. సత్యకేతుడు ఎదురేగి మంజులిక మీది అంబారీ చూపించాడు.

"వద్దు నాయనా. దీన్నెక్కానని తెలిస్తే మా ఇంటి ఏనుగు నన్ను గడప తొక్కనివ్వదు."

రాజు నవ్వాడు. "ఇంట్లో ఏనుగు పెట్టుకుని నడిచొచ్చావా తాతా?"

"తెల్లనిది. మహా కోపిష్ఠి. అది సరే, ఆ పట్టు కింద ఏముందో ఎప్పుడైనా చూశావా?"

"ముడి ముట్టకండి మహారాజా! వానరాకడ ముందు ఇదేం అపచారం?" అని పురోహితుడు అడ్డుపడ్డాడు.

రాజు ముడి వైపు చాచిన చేతిని వెనక్కి తీసుకున్నాడు. వాన లేకుంటే ప్రజలు మాడిపోతారు. ఎదురుగా మంజులిక, రాజు కూడా ఎక్కడానికే వచ్చాడనుకుని, కళ్లు మూసుకుని కాలు వంచింది.

"అలిగితే నా మీదే అలగమనండి స్వామీ" అంటూ, అంబారీ దింపించి ముడి విప్పాడు. వస్త్రం పుండుకు అంటుకుపోయి ఉంది. నీళ్లతో తడుపుతూ, ఊడదీస్తూ, పసివాడిలా ఏడ్చాడు.

తలెత్తి చూస్తే బాటసారి చోట, ఐరావతంతో సహా, వజ్రధారియైన ఇంద్రుడు నిలిచి ఉన్నాడు.

"రాజా, నా పేరు చెప్పి ఆ ముడి వేసింది మీరే. నేను కోరలేదు. వరం అడుగు."

"ఈ పుండు మాన్పు ప్రభూ!"

"అది నీ చేతుల మీదుగా మానవలసినది. మరొకటి అడుగు."

సత్యకేతుడు ఆలోచించి, "అయితే మా అతిథుల కాళ్లకు కొండెక్కే సత్తువనివ్వు" అన్నాడు.

దేవేంద్రుడు పకపక నవ్వి "తథాస్తు" అన్నాడు. ఆ సాయంత్రమే వాన కురిసింది.

వర్షర్తువంతా రాజు వేపాకు నీళ్లతో పుండు కడుగుతూ, పసుపు నూనె రాస్తూ గజశాలలోనే గడిపాడు. శరత్తు రాగానే యాత్రికులు రొప్పుతూ, ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటూ కాలినడకన శిఖరం చేరి, మడుగులో పొర్లాడే మంజులికను ఒడ్డున కూర్చుని తనివితీరా చూశారు.

ఈ కథ విన్నవారు, తమ బరువు మోసే ప్రాణి వీపును ఒకసారి తడిమి చూసే మనసు పొందుదురు గాక.