నూనెగొట్టంలో మొదటి బుడగ

"ట్యాప్ కట్టెయ్! శశీ, ట్యాప్ కట్టెయ్!"

ఆ కేక వీధి చివరున్న నాదాకా వినబడింది. కుళాయి దగ్గర బిందె పెట్టుకున్న ఆవిడ ఉలిక్కిపడి తన కుళాయే కట్టేసింది, పాపం. నేను నవ్వబోయానో లేదో, ఢామ్మంది. చేతిలో క్యారేజీతో అలాగే పరుగెత్తాను. శశి నా మేనల్లుడండీ. కేక వేసింది వాడికి కెమిస్ట్రీలో పరిశోధన నేర్పే సువార్తమ్మ గారు.

ల్యాబులోకి వెళ్ళి చూద్దును కదా, గాజు ఫ్లాస్కు పగిలింది, దాని మూత ఎగిరి సీలింగు పెచ్చు ఊడగొట్టింది. అడ్డంగా పెట్టిన అద్దంలాంటి మందపాటి పలక నిండా పసుపు మరకలు. పలక ఇవతల మావాడు నిలబడి ఉన్నాడు. దెబ్బ తగల్లేదు గానీ మొహంలో నెత్తురు చుక్క లేదు.

నాకు అర్థమైనంతలో చెప్తాను. ఆ పసుపు ద్రవాన్ని డయాజో అంటారు. దాని కడుపులో నత్రజని ఇరుక్కుని ఉంటుందట. ఫ్లాస్కులో ఇంకో ద్రవం, అందులో చిటికెడు రాగి, మన చెంబులు చేసే రాగే. పైన ట్యాప్ ఉన్న గాజుగొట్టంలోంచి డయాజో చుక్క పడితే రాగి దాన్ని పట్టుకుని నత్రజనిని వదిలిస్తుంది. అది పక్కనున్న నూనెగొట్టంలోంచి బుడగై పోతుంది. మిగిలిన ముక్క ఫ్లాస్కులో ద్రవంతో జత కడుతుంది. వాళ్ళకి కావలసింది అదే. అయితే రాగి మొదట్లో బద్ధకిస్తుందట. బుడగ కనపడేదాకా రెండో చుక్క వెయ్యకూడదని సువార్తమ్మ గారి కట్టడి.

"అంతా చాదస్తం మావయ్యా! పూటంతా బుడగలు చూస్తూ కూర్చోమంటారు" అని ముందురోజే నా దగ్గర విసుక్కున్నాడు మావాడు. ఈరోజు బుడగ రావట్లేదని ట్యాప్ పూర్తిగా తిప్పేశాడు. పోసిందంతా పోగుపడింది. అప్పుడు లేచింది రాగి, నత్రజని అంతా ఒక్కసారే ఎగదన్నింది.

శశి తెల్లకోటు విప్పి బల్లమీద పెట్టాడు.

"వెళ్ళిపోతాను మేడమ్. ఈ పని నా చేతులకి రాదు."

"గాజుపెంకులు ఎత్తు" అన్నారావిడ.

ఎత్తాడు. ఆవిడ కొత్త ఫ్లాస్కు బిగించి, మళ్ళీ అన్నీ పోశారు. కోటు తీసి వాడి చేతిలో పెట్టారు. ఆ తరవాత ఏం చేశారనుకున్నారు? స్టూలు లాక్కుని, పలకకి ఇవతల మాతో కాదు, అవతల, ఫ్లాస్కు పక్కనే కూర్చున్నారు.

"అమ్మా, ఇటొచ్చెయ్యండి, మీకు దణ్ణం పెడతాను!" అన్నాను.

"తిప్పు, శశీ."

"మేడమ్, మీ కళ్ళు..."

"నూనెగొట్టాన్ని చూస్తున్నాయి. తిప్పు."

చుక్క పడింది. బుడగ లేదు. ట్యాప్ మీద వేళ్ళు పెట్టుకునే ఉన్నాడు గానీ తిప్పలేదు. ల్యాబులో పనిచేసే ఇంకో ఇద్దరు విద్యార్థులూ గోడకి అతుక్కుపోయారు. అంతసేపు నేను మాట్లాడకుండా నిలబడ్డానంటే మా ఇంట్లో ఇప్పటికీ నమ్మరు.

బుళుక్.

ఒక్క బుడగ. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అప్పుడు వేశాడు రెండో చుక్క.

ఎండ వాలేదాకా అంతే. చివరికి ఫ్లాస్కులో పసుపు రంగు ఎక్కడా మిగల్లేదు. ఆవిడ నడుం పట్టుకుని లేచారు.

"అన్నయ్యగారూ, ఆ క్యారేజీలో ఏముందండీ?"

"ఆనపకాయ పప్పండీ. చల్లారి గడ్డకట్టేసింది."

"అదే పెట్టండి."

చేతులు కడుక్కుని వరండాలోకి వచ్చాం. మిగతావాళ్ళ డబ్బాలూ వచ్చాయి. శశి గరిటె పుచ్చుకున్నాడు. ఆవిడ కంచంలో కాస్త పప్పు వేసి, మళ్ళీ గరిటె ముంచి, అలాగే పట్టుకు నిలబడ్డాడు.

"వెయ్యరా, ఏం చూస్తావ్?" అన్నాను.

వాడు వెయ్యలేదు. ఆవిడ కలుపుకుని తినేదాకా కంచం వంకే చూస్తూ నిలబడ్డాడు.

ఆవిడ తలెత్తారు.

"ఇప్పుడు వెయ్యి" అన్నారు. "వేసి, నువ్వూ కూర్చో."

వేశాడు. మా మధ్యలో చోటు చేసుకుని కూర్చున్నాడు.