మాటలు రాసే ఫోను

"గురువుగారూ, ఒక తప్పు దిద్దితే ఇంకో రెండు పుట్టుకొస్తుంటే, దిద్దడం ఎందుకు?"

త్రినాథ్ ఈ ప్రశ్న అడిగిన రోజు ఆశ్రమంలో మేం నలుగురమే ఉన్నాం. ఆశ్రమమంటే పెద్దదేమీ కాదు. చంపావతి ఒడ్డున రెండు గదులు, ఒక రేకుల వసారా, పెరట్లో బోరింగు. కూర్మనాథం గారు బడిలో లెక్కల మాస్టారుగా రిటైరయ్యాక అక్కడే ఉంటూ, వచ్చినవాళ్లకు ఉపనిషత్తులు చెప్పేవారు. ప్రశ్నకు బదులుగా శ్లోకం చదవడం ఆయనకు అలవాటు లేదు. అడిగినవాడి ముఖం కాసేపు చూసి, తనకు తెలిసిన మనిషికెవరికో జరిగిన సంగతి చెప్పి ఊరుకునేవారు.

త్రినాథ్‌ది విశాఖపట్నంలో ఒక ఫోన్ల కంపెనీ ఆఫీసులో ఉద్యోగం. ఫోన్లలోకి కొత్త అప్‌డేట్ వెళ్లినప్పుడల్లా జనం రాసి పంపే ఫిర్యాదులు చదివి, ఎక్కడేది చెడిందో ఇంజనీర్లకు చెప్పడం అతని పని. ఆ రోజు బాగా నలిగిపోయి వచ్చాడు.

"కెమెరా బాగుచేస్తే అలారం మోగడం మానేస్తుందండీ. అలారం బాగుచేస్తే బ్యాటరీ మధ్యాహ్నానికే చచ్చిపోతుంది. పొద్దున్న లేస్తే తిట్లు చదవడమే నా బతుకు. బాగుపడిందని రాసేవాడు ఒక్కడూ ఉండడు. సరే, అది ఉద్యోగం. నా సంగతీ అలాగే ఉంది. మీ దగ్గరకు రావడం మొదలుపెట్టాక కోపం తగ్గింది. తగ్గిందని నేను సంతోషిస్తుంటే, ఇంట్లో ఎవరేమైనా నీకు పట్టడం మానేసిందంటోంది మా ఆవిడ. సరే పట్టించుకుందామని పూనుకుంటే మళ్లీ కోపం వస్తోంది. రెండూ మానేద్దామనిపిస్తోందండీ. ఆ ఉద్యోగమూ, ఈ సాధనా."

గురువుగారు అతని ముఖం చూసి, "వరహాలమ్మను నువ్వు ఎప్పుడూ చూడలేదు కదూ" అని అడిగారు. త్రినాథ్ లేదన్నాడు. అప్పుడు ఈ సంగతి చెప్పారు.

వరహాలమ్మ జనపనార మిల్లులో పని చేసింది. వయసంతా ఆ యంత్రాల హోరులోనే గడిచింది. పెళ్లి చేసుకోలేదు. తల్లి పోయాక తమ్ముడు అప్పలనర్సయ్యను తనే పెంచి, తనే గౌరిని చూసి పెళ్లి చేసింది. మిల్లు వదిలేసే నాటికి ఆవిడ చెవులు దాదాపు పోయాయి. చెవి మిషను పెట్టుకుంటే మాటలకు బదులు మిల్లు హోరే వినిపిస్తోందని తీసి గూట్లో పెట్టేసింది. తమ్ముడి ఇంట్లోనే ఉండేది.

తమ్ముడు పొద్దున్న డ్యూటీకి పోతే సాయంత్రం వచ్చేవాడు. రోజంతా ఆవిడతో మాట్లాడవలసింది మరదలు గౌరే. వదినా, స్నానానికి నీళ్లు తోడాను. వదినా, స్నానానికి. వదినా, నీళ్లు. ప్రతి మాటా రెండుసార్లు, మూడుసార్లు, ప్రతిసారీ ఇంకొంచెం గట్టిగా. గౌరి చెడ్డ మనిషి కాదు. అలా ఏళ్లు గడిచేసరికి ఆవిడ గొంతు మాత్రం బొంగురుపోయింది.

చెవుల డాక్టరమ్మ ఒకసారి వరహాలమ్మ ఫోను తీసుకుని, అందులో ఒక సదుపాయం చూపించింది. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే ఫోను ఆ మాటల్ని తెలుగులో రాసి చూపిస్తుంది. ఆవిడకు చదవడం వచ్చు. అప్పటినుంచి ఫోను ఆవిడ చేతిలోనే ఉండేది.

అయితే అది రాసేవన్నీ తప్పులే. గౌరి "వదినా, అన్నం తిందాం రా" అంటే ఫోను "వదిన అన్నం చిందరవందర" అని రాసేది. వరహాలమ్మ అది పైకి చదివేది. గౌరి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది. ఏం రాస్తుందో చూద్దామని కావాలనే పొడుగాటి మాటలు చెప్పేది. ఆదివారాలు వరహాలమ్మ ఆశ్రమానికి వచ్చి, ఫోను గురువుగారి ముందు పెట్టి కూర్చునేది. "నేను ఆత్మ అన్నచోటల్లా అది ఆటో అని రాసేది," అన్నారు గురువుగారు. "ఆటో పుట్టదు, ఆటో చావదు. ఆవిడ ఒక్కతే నా ఉపన్యాసం వింటూ అంత సంతోషంగా ఉండేది."

కొన్నాళ్లకు ఫోనులోకి పెద్ద అప్‌డేట్ వచ్చింది. చేసుకోమని రోజూ అడుగుతుంటే విసుగొచ్చి వరహాలమ్మ సరే అని నొక్కింది. ముందు అన్నీ చెడ్డట్టే కనిపించాయి. ఫోను వేడెక్కేది. ఎంత చార్జింగు పెట్టినా మధ్యాహ్నం దాటేది కాదు. తెర మీద ఎక్కడ ఉండేవి అక్కడ లేవు. ఆవిడ గొణుక్కుంటూ తిరిగింది. తర్వాత గమనించింది, మాటలు సరిగ్గా పడుతున్నాయని. గౌరి అన్నం తిందాం రా అంటే, అన్నం తిందాం రా అనే రాస్తోంది. అంతే కాదు, గోడ అవతల మాట్లాడిన మాటలు కూడా పట్టుకుంటోంది.

ఒక సాయంత్రం వసారాలో కూర్చుని మునగాకు దూస్తోంది వరహాలమ్మ. ఫోను గోడకు ఆనించి ఉంది. వంటగదిలో గౌరి తన అక్కతో ఫోనులో మాట్లాడుతోంది. వరహాలమ్మ ఎదురుగా ఉన్న తెర మీద ఆ మాటలు ఒక్కొక్కటే వచ్చి నిలబడ్డాయి.

"అరిచి అరిచి నా గొంతు పోయింది అక్కా. ఆవిడ మంచిదే. మంచిది కాకపోయినా బాగుండును, తిట్టుకుంటూ బతికేదాన్ని. నన్ను ఈ ఇంటికి తెచ్చింది ఆవిడే. నేనేం అనగలను? ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు, ఎవరికీ ఏ మాటా రెండోసారి చెప్పకుండా బతకాలని ఉంది."

కింద కొత్త మాటలు వస్తూంటే ఈ మాటలు పైకి జరిగి మాయమయ్యాయి. వరహాలమ్మ మునగాకు దూయడం పూర్తిచేసి, పుల్లలు పారబోసి, చేతులు కడుక్కుంది. ఆ ఆదివారం ఆశ్రమానికి వచ్చి ఫోను బోర్లా పెట్టుకుని కూర్చుంది. ఏమిటమ్మా అని గురువుగారు సైగ చేస్తే, "ఇప్పుడు అన్నీ సరిగ్గానే రాస్తోంది బాబూ" అంది. మిగతాది చాలా రోజుల తర్వాత చెప్పింది.

ఇంట్లో మాత్రం ఫోనును వదల్లేకపోయింది. గోడల అవతలి మాటలన్నీ చదివేది. వాటిలో అన్ని రకాలూ ఉండేవి. కూరగాయలవాడితో గౌరి "లేతవి ఏరి ఇయ్యి, మా వదిన ముదురు బెండకాయలు నమల్లేదు" అనడం చదివింది. భర్తతో "ఈ వేళైనా కాసేపు మీరు మాట్లాడండి ఆవిడతో" అనడం, ఆయన "రేపు చూద్దాం" అనడం కూడా చదివింది. ఆ మాటలూ ఈ మాటలూ కలిపి చూసుకునే ఓపిక ఆవిడకు లేకపోయింది. వంటగదిలో గౌరి అన్న ఆ ఒక్క మాటే మనసులో ఉండిపోయింది.

అప్పటినుంచి ఆవిడ ఎవరినీ ఏదీ రెండోసారి అడగడం మానేసింది. ఫోను మాట పట్టుకుంటే సరి. పట్టుకోకపోతే, ఫోను చచ్చిపోయి ఉంటే, తల ఊపేది. గౌరి ఏం చెప్పినా తల ఊపేది. వదినకు బాగా అర్థమవుతోందని గౌరి కాస్త ఊపిరి పీల్చుకుంది. గొంతు కూడా కాస్త తేరుకుంది.

ఒక మధ్యాహ్నం అప్పలనర్సయ్యకు కన్ను వాచిపోతే గౌరి ఆయన్ని ఆటోలో ఎక్కించుకుని ఆస్పత్రికి బయలుదేరింది. గడప దాటుతూ వెనక్కి తిరిగి, "వదినా, పొయ్యి మీద పప్పు ఉంది, కాసేపాగి కట్టెయ్యి" అంది. వరహాలమ్మ చేతిలో ఫోను చార్జింగు అయిపోయి నల్లగా ఉంది. గౌరి పెదాలు కదిలి ఆగాయి. తొందరలో ఉంది, భర్త కన్ను మూసుకుని ఆటోలో కూర్చున్నాడు. వరహాలమ్మ తల ఊపింది.

ఊపి, పెరట్లోకి వెళ్లి బట్టలు ఉతకడానికి కూర్చుంది.

పప్పు ఇగిరింది, మాడింది, గిన్నె ఎర్రబడింది. పక్కనున్న మసిగుడ్డ అంటుకుంది. మంట ప్లాస్టిక్ డబ్బాలకు పాకి, వంటగది కిటికీలోంచి నల్లటి పొగ వచ్చింది. వీధిలో జనం కేకలు పెట్టారు. ఆ కేకలు ఆవిడకు వినబడలేదు. సరిగ్గా అప్పుడే తిరిగి వచ్చిన గౌరి ఆటో ఆగకుండానే దూకింది. వదిన లోపలే ఉందనుకుంది. ఎవరు పట్టుకున్నా ఆగకుండా, వదినా వదినా అని అరుస్తూ ఆ పొగలోకి పోయింది. వదిన కనబడలేదు. తడుముకుంటూ సిలిండరు కట్టేసింది. ఆ తడుముకోవడంలో మోచెయ్యి దాకా కాలింది. జనం నీళ్లు పోసి మంట ఆర్పాక చూస్తే, వరహాలమ్మ తడి చీర పిండుతూ పెరటి గుమ్మంలో నిలబడి ఉంది.

ఆస్పత్రిలో కట్టు కట్టించుకుని వచ్చాక గౌరి ఆ మసిబారిన వంటగదిలోనే కూలబడింది. వదినను చూసి అరిచింది.

"వినబడకపోతే వినబడలేదని చెప్పొచ్చు కదా! తల ఎందుకు ఊపావు?"

ఫోను అవసరం లేకుండానే వరహాలమ్మకు ఆ మాట అర్థమైంది.

"నీచేత రెండోసారి చెప్పించడం ఇష్టం లేక," అంది.

ఆ మాట తను ఎక్కడ అన్నదో, ఎవరితో అన్నదో గౌరికి గుర్తొచ్చింది. వదిన చేతిలోని ఫోనునూ, గోడనూ, వదిననూ చూసింది. ఏదైనా అబద్ధం చెప్పొచ్చు. ఇంకెవరి గురించో అన్నానని చెప్పొచ్చు. అదీ ఓపికతో కూడిన పనే. ఆ ఓపిక ఆవిడకు లేదు. కట్టు లేని చేత్తో వదిన తలను దగ్గరకు లాక్కుని, చెవికి నోరు ఆనించి, ఆ బొంగురు గొంతుతో చెప్పింది.

"అలిసిపోయానన్నాను వదినా. నువ్వు వద్దని అనలేదు."

వరహాలమ్మ ఆవిడ వైపు తిరిగి, "ఏటి?" అంది.

గౌరి మళ్లీ చెప్పింది. ఈసారి ఇంకొంచెం గట్టిగా.

గురువుగారు ఇక్కడ ఆగి మంచినీళ్లు అడిగారు. నేను తెచ్చి ఇచ్చాను. తాగి గ్లాసు పక్కన పెట్టారు. సంగతి అయిపోయిందేమో అనుకున్నాం. అయిపోలేదు. తర్వాత ఇంకో అప్‌డేట్ వచ్చిందట. దాంతో వేడి తగ్గింది, బ్యాటరీ రాత్రి దాకా నిలిచింది. మాటలు మాత్రం మళ్లీ చెడ్డాయి. గురువుగారు ఆత్మ అంటే ఈసారి ఫోను ఏమీ రాయకుండా చుక్కలు పెట్టి ఊరుకుంది. ఇప్పుడు ఇంట్లో ఎలా జరుగుతోందమ్మా అని ఆయన కాగితం మీద రాసి అడిగారు.

"ఏం చెప్పమంటారు బాబూ. గౌరి ఒకసారి చెబుతుంది. ఇది తప్పు రాస్తుంది. నేను అడుగుతాను. తను మళ్లీ చెబుతుంది."

విసుక్కోదా అని రాశారు గురువుగారు.

"ఎందుకు విసుక్కోదు?" అంది వరహాలమ్మ. "విసుక్కుంటుంది. విసుక్కునే చెబుతుంది."

వసారా రేకుల మీద ఎండ తగ్గింది. త్రినాథ్‌లోని ఉద్యోగి ఊరుకోలేకపోయాడు.

"గురువుగారూ, ఆవిడ కంపెనీకి ఏమీ రాయలేదా? ఇంత జరిగాక ఎవరైనా రాస్తారు కదండీ. ఏ అప్‌డేట్‌లో బాగుందో, ఏ అప్‌డేట్‌లో చెడిందో తెలిస్తేనే కదా మేం ఏదైనా చేయగలిగేది."

"రాసింది," అన్నారు గురువుగారు, లేచి వెళ్లబోతూ. "ఆ మంట జరిగిన కొత్తలోనే, నేనే దగ్గరుండి పంపించాను. బ్యాటరీ నిలవడం లేదని రాసింది. మిగతాది రాయడానికి అక్కడ చోటు లేదంది."