సవేరమ్మ జోల

రండర్రా, దగ్గరికి రండి. ఆ అరుగు అంచున కూర్చున్నవాళ్లు కూడా ముందుకు జరగండి. ఇది గొంతు పెంచి చెప్పే కథ కాదు. చాప సరిపోకపోతే చిన్నవాళ్లను పెద్దవాళ్లు ఒళ్లో కూర్చోబెట్టుకోండి. ఒళ్లో కూర్చుని వినాల్సిన కథే ఇది.

అనగా అనగా, మన తాతల తాతలకు ఇంకా మీసాలు రాని రోజుల్లో, ఏటి అవతల ఒక ఊరు ఉండేది. ఆ ఊళ్లో మట్టిగోడల గుడి. గుడిలో మరియమ్మ తల్లి, గుడి ముందు గంట. పూజ చెప్పే గురువుగారు ఎడ్లబండి మీద ఎన్నో ఊళ్లు తిరగాలి, ఎప్పుడో గానీ వచ్చేవారు కాదు. ఆయన లేనప్పుడు జపాలు చెప్పించేదీ, పాటలు ఎత్తుకునేదీ ఉపదేశి ఇన్నయ్య.

అది పాడే ఊరు. నాట్లేస్తూ పాడేవాళ్లు, పెళ్లిళ్లకు పాడేవాళ్లు, పండుగొస్తే డోలక్కు పగిలేలా పాడేవాళ్లు. పాడని మనిషి ఒక్కతే. ఆమె సవేరమ్మ.

సవేరమ్మ గుడి ఊడ్చేది. పూజ పీఠం మీద పరిచే గుడ్డలు ఏట్లో ఉతికేది. అక్కడ ఆడవాళ్లు వేళాకోళమాడేవాళ్లు.

"ఏమే సవేరమ్మా, నోట్లో ఏటినీళ్లు పోసుకున్నావా? ఒక్క పాటన్నా పాడవే!"

"గొంతులో ఒక పాట అడ్డం పడి ఉందక్కా. అది వస్తే గానీ ఇంకోటి రాదు."

నవ్వేవాళ్లు. అంతలోనే నవ్వు ఆపేసేవాళ్లు. ఆ పాట ఏదో వాళ్లందరికీ తెలుసు.

ఆ ఊళ్లో ఒక ఆచారం ఉండేది. బిడ్డకు మొదటి జోల గుడిలోనే పాడాలి. గురువుగారు వచ్చి నీళ్లు పోసి జ్ఞానస్నానం ఇచ్చాక తల్లి బిడ్డను ఒళ్లో వేసుకుని మరియమ్మ తల్లి ముందు కూర్చుంటుంది. తల్లి ఎత్తుకుంటుంది, ఊరంతా అందుకుంటుంది. ఆ తర్వాతే ఇంట్లో ఉయ్యాల, ఇంట్లో జోల.

సవేరమ్మ కొడుకు వానాకాలంలో పుట్టాడు. పెనిమిటి అంతకుముందే పోయాడు. ఏరు పొంగి గురువుగారి బండి అవతలి ఒడ్డునే ఆగిపోయింది. బిడ్డ ఏడ్చినప్పుడల్లా ఆమెకు జోల పెదాల దాకా వచ్చేది.

"ఆగు తల్లీ, గురువుగారు రేపో మాపో వస్తారు" అనేవాడు ఇన్నయ్య.

ఆమె ఆగింది. వాన ఆగలేదు. బిడ్డకు జ్వరం వచ్చింది. కబురు విని ఇన్నయ్య తడుస్తూ పరిగెత్తుకొచ్చాడు. తనే నీళ్లు పోసి జ్ఞానస్నానం ఇచ్చాడు, బాలశౌరి అని పేరు పెట్టాడు. సవేరమ్మ బిడ్డను కొంగులో చుట్టుకుని గుడికి పరిగెత్తింది. గుమ్మం తొక్కేసరికి కొంగులో కదలిక లేదు.

నీళ్లు అందాయి. పేరు అందింది. జోల మాత్రం అందలేదు.

ఏళ్లు గడిచాయి. క్రిస్మసు పండుగ వచ్చింది. గుడిలో గడ్డిపాక వేసి బాలయేసును పడుకోబెట్టారు. సవేరమ్మ ఇన్నయ్య దగ్గరికి వెళ్లింది. "అన్నా, ఈ బిడ్డకన్నా నా జోల పాడనా?"

"ఆయన తల్లి పక్కనే ఉంది కదమ్మా. ఒళ్లో బిడ్డ ఉంటేనే జోల" అన్నాడు ఇన్నయ్య.

మరియమ్మ తల్లి పండుగ వచ్చింది. మళ్లీ అడిగింది. "అన్నా, ఉత్త చేతులతోనే కూర్చుని పాడుకుంటాను."

"ఆచారం నేను పెట్టింది కాదమ్మా. ఒళ్లో బిడ్డ ఉంటేనే జోల."

మూడోసారి, గుడిలో ఎవరి పాపకో మొదటి జోల పాడుతున్నారు. సవేరమ్మ ఏమీ అడగలేదు. ఉత్తినే చేతులు చాచింది. ఆ తల్లి పాపను చటుక్కున కొంగు కిందికి లాక్కుంది. ఇన్నయ్య తల దించుకున్నాడు. సవేరమ్మ చేతులు వెనక్కి తీసుకుని చీపురు పట్టుకుంది.

నీళ్లు అందాయి. పేరు అందింది. జోల మాత్రం అందలేదు.

ఆ తర్వాత పెద్ద శుక్రవారం వచ్చింది, ప్రభువు ప్రాణం విడిచిన రోజు. ఆ రోజు గంట మోగదు, డోలక్కు ముట్టరు. చెక్క గిలక చప్పుడొక్కటే. స్లీవ మీద, అదే సిలువ మీద, ఉన్న ప్రభువు స్వరూపాన్ని మగవాళ్లు తాళ్లతో కిందికి దించుతారు. టేకు చెక్క, నిలువెత్తు మనిషంత. కింద ఆడవాళ్లు తెల్లగుడ్డ పట్టుకుని నిలబడతారు. సవేరమ్మ ఉతికిన గుడ్డే అది. ఇన్నయ్య శోకం పాట ఎత్తుకుంటాడు, ఊరంతా ఏడుస్తుంది.

ఆ ఏడు పాట ఎత్తుకోకముందే తాడు జారింది.

"పడుతున్నాడే! తప్పుకోండే!"

గుడ్డ వదిలేసి అందరూ పక్కకు దూకారు. సవేరమ్మ తప్పుకోలేదు. రెండు చేతులూ చాచింది. ఆ బరువు వచ్చి ఆమె గుండెల మీద పడింది. అలాగే పట్టుకుని నేల మీదికి కుంగిపోయింది. ప్రభువు తల ఆమె మోచేతి మీద ఆగింది.

అప్పుడు వినబడింది పాట.

"జో జో నా తండ్రీ, జోలాలి కూనా,
వాన వెలిసింది, పడుకోరా నాన్నా,
బాలశౌరీ, జో జో..."

"పెద్ద శుక్రవారం జోలేంటే! మతిపోయిందా నీకు?" అని ఎవరో అరిచారు. ఆపడానికి ఇన్నయ్య ముందుకు కదిలాడు. ముసలి మంత్రసాని ఆగ్నేసమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఇన్నయ్యతో సహా ఆ ఊళ్లో అందరినీ పుట్టగానే అందుకున్న చెయ్యి అది.

"ఒరేయ్ ఇన్నయ్యా, కళ్లు పెట్టి చూడరా. ఒళ్లో బిడ్డ ఉన్నాడు."

ఇన్నయ్య చూశాడు. అక్కడే మోకరించి జోల అందుకున్నాడు. ఆయన వెనక ఆడవాళ్లు, వాళ్ల వెనక మగవాళ్లు. తల్లి ఎత్తుకుంది, ఊరంతా అందుకుంది.

"దెబ్బ తగిలిందేమే?" అని తర్వాత అడిగారు.

"ఎంత బరువున్నాడక్కా! ఎంత ఎదిగాడు!" అని నవ్వింది సవేరమ్మ.

మర్నాడు ఏట్లో గుడ్డ ఉతుకుతూ పాడింది. నాట్ల పాట పాడింది, పెళ్లి పాట పాడింది, పండుగ పాట పాడింది. మధ్యమధ్య గుండె పట్టుకుని ఆగింది. మళ్లీ పాడింది.

ప్రభువు తిరిగి లేచిన పాస్కా పండుగ తెల్లవారింది. గురువుగారు వచ్చారు, గంట మోగింది. పీఠం మీదికి గుడ్డ మాత్రం రాలేదు. వెళ్లి చూస్తే, మడత పెట్టిన గుడ్డ పక్కన సవేరమ్మ పడుకుని ఉంది. లేపినా లేవలేదు. బాలశౌరి పక్కనే మట్టి ఇచ్చారు.

మరుసటి ఏడు పెద్ద శుక్రవారం స్వరూపాన్ని దించారు. అప్పుడు ఇన్నయ్య, ముసలివాడైపోయాడు పాపం, గుడ్డ మీద కూర్చుని ప్రభువు తలను ఒళ్లోకి తీసుకున్నాడు.

"ఆగమన్నది నేనే" అన్నాడు. ఇంకేమీ అనలేదు. జోల ఎత్తుకున్నాడు.

ఇప్పటికీ ఆ ఊళ్లో పెద్ద శుక్రవారం శోకాలుండవు, జోలే పాడతారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఎవరుంటే ఆమెను గుడ్డ మీద కూర్చోబెడతారు. రెండు చరణాలు ఊరంతా పాడుతుంది. మూడో చరణం దగ్గర ఊరంతా ఆగుతుంది. అక్కడ ఆ తల్లి తన బిడ్డ పేరు చెప్పుకుంటుంది. ఆమె చెప్పేదాకా, ఎంతసేపైనా సరే, ఎవరూ కదలరు. ఇక మొదటి జోల అంటారా, దానికి ఎవరి కోసమూ ఆగరు. మంత్రసాని చేతిలో బిడ్డ కేర్‌మనగానే పాడేస్తారు.

ఇక లేవండి. పొద్దు వాలింది, మీ ఇళ్లలో అన్నాలు ఉడికుంటాయి. మీ అమ్మ వాకిట్లో నిలబడి మిమ్మల్ని పేరు పెట్టి పిలుస్తుంది. రెండోసారి పిలిపించుకోకుండా పలకండి. వెళ్లి తినండి.